ఫీనిక్స్ పెరడు: ముందు థర్మామీటర్, తర్వాత పంచాంగం

సందేహం: ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌కి వచ్చి ఆరు నెలలైంది. పెరట్లో టమాటా, బెండ, బీర, గోంగూర వేద్దామనుకుంటున్నాం. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు శుక్లపక్షంలోనే విత్తమంటున్నారు. పక్కింటివాళ్లు నిరుడు ఏప్రిల్‌లో నాటిన టమాటాకి ఒక్క కాయా రాలేదట. ఎప్పుడు వెయ్యాలి?

సమాధానం: మీ పక్కింటివాళ్ల తప్పు ఈ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి తెలుగింట్లోనూ జరిగిందే. మేమూ మొదట్లో అలాగే నాటి పారేసుకున్నాం. కాబట్టి దాన్నుంచే మొదలుపెడతాను.

టమాటా పూత నిలవాలంటే పగలు 95 డిగ్రీలు, రాత్రి 75 డిగ్రీలు దాటకూడదు. (ఇక్కడ చెప్పేవన్నీ ఫారెన్‌హీట్ లెక్కలే.) అవి దాటితే పుప్పొడి పనికిరాకుండా పోయి పువ్వు తొడిమతో సహా రాలిపోతుంది. ఫీనిక్స్‌లో సగటున మే మొదటి వారానికే 100 డిగ్రీలు పడుతుంది. ఏప్రిల్‌లో నాటిన నారు పూతకొచ్చేది మే ఆఖర్లో, అంటే పిందె పట్టే అవకాశం అప్పటికే దాటిపోయింది. మొక్క మాత్రం పచ్చగా ఏపుగా ఉంటుంది. అది చూసి ఎరువు చాల్లేదేమోనని నత్రజని పోస్తారు, నీళ్లు చాల్లేదేమోనని రోజుకి రెండుసార్లు తడుపుతారు. ఆగస్టులో నీళ్ల బిల్లు చేతికొచ్చాక మొక్క పీకేస్తారు. ఆ డబ్బుతో ఇండియన్ స్టోర్‌లో ఏడాదికి సరిపడా టమాటాలు కొనుక్కోవచ్చు. మీరా ఖర్చులో పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక చంద్రుడి సంగతి. మీ అత్తయ్యగారు చెప్పింది మన పాత పద్ధతే: నేలపైన కాసేవి శుక్లపక్షంలో, నేలలో ఊరేవి కృష్ణపక్షంలో. దీనివల్ల దిగుబడి పెరుగుతుందని ప్రయోగాల్లో నమ్మదగ్గ రుజువేమీ తేలలేదు. అయినా పాటించాలనుకుంటే నష్టం లేదు, చంద్రుడి కోసం అదను దాటనివ్వనంత వరకు. మన ఊళ్లలోనూ రైతు అసలు చూసేది కార్తెల్ని, అవి సూర్యుణ్ణి బట్టి వస్తాయి. మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, అక్కడ తొలకరి మొదలవుతుంది. ఇక్కడ అదే తేదీకి చినుకు ఉండదు, గాలిలో తేమ ఉండదు, ఏడాదిలోకెల్లా పొడి రోజులు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లంటారు. ఇక్కడ సెప్టెంబరు దాకా పగులుతూనే ఉంటాయి. 2023లో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీలకు తగ్గలేదు. తెలుగు నెలల్ని బట్టి వెళ్లినా చిక్కే. శ్రావణం 2025లో జూలై 25న మొదలైంది, 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల ఆగస్టు 13న మొదలవుతుంది. ఎండ మాత్రం అధికమాసం కోసం ఆగదు.

అందుకే వరస ఇలా పెట్టుకోండి: మొదట మట్టి వేడి, తర్వాత అదను, ఆ రెండూ కుదిరాక పక్షం. వంటకి వాడే సూది థర్మామీటర్ ఒకటి ఇందుకోసం వేరే ఉంచుకుని, పొద్దున్నే నాలుగంగుళాల లోతులో గుచ్చి మూడు రోజులు వరసగా చూడండి. టమాటా నారుకి 60 చాలు. బెండ, తోటకూర, గోంగూరకి 70 దాటాలి. బీర, సొర, కాకరకి కూడా 70కి పైనే ఉంటే మంచిది. చల్లటి తడి మట్టిలో వేసిన బెండ గింజ మొలకెత్తదు, కుళ్లిపోతుంది.

టమాటాకి ఇక్కడి అదను ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి మధ్య వరకు, సుమారు నాలుగు వారాలు. విత్తనం కాదు, నారు నాటాలి. అంటే ఇంట్లో వెలుతురున్న చోట డిసెంబరు ఆఖర్లోనే గింజ పడాలి. పెద్ద కాయల రకాల జోలికి వెళ్లకండి. చెర్రీ టమాటా, లేదా 70 రోజుల్లోపు కాపుకొచ్చే రకం తీసుకోండి. నాటాక మంచు పడే రాత్రులుంటే పాత దుప్పటి కప్పి పొద్దున్నే తీసెయ్యండి. ప్లాస్టిక్ షీటు ఆకుకి తగిలితే ఆ చోట ఆకు మాడుతుంది.

ఇప్పుడు ఈ అదనుని పంచాంగంతో కలిపి చూడండి. 2026లో అమావాస్య ఫిబ్రవరి 17న, పౌర్ణమి మార్చి 3న. శుక్లపక్షం అదను నడిమధ్యన వచ్చింది, అత్తయ్యగారికీ సంతోషం, మొక్కకీ మేలు. 2027లో అలా కాదు. పౌర్ణమి ఫిబ్రవరి 20న, మళ్లీ అమావాస్య మార్చి 8న. ఫిబ్రవరి 15 నుంచి 20 లోపు నాటకపోతే, తర్వాతి శుక్లపక్షం కోసం ఆగేసరికి రెండు వారాలకు పైగా పోతాయి. పిందె పట్టేదంతా ఏప్రిల్‌లోనే కనక ఆ రెండు వారాలంటే దాదాపు సగం కాపు. అలాంటి ఏడాది కృష్ణపక్షమైనా సరే నాటెయ్యండి.

ఇంకో పొరపాటు: హైదరాబాద్ పంచాంగంలో తిథి సమయాన్ని ఉన్నదున్నట్టు వాడేస్తారు. తిథి మారే క్షణం ప్రపంచమంతా ఒక్కటే, గడియారాలే వేరు. అరిజోనాలో ఎండాకాలం గడియారం మార్చరు కాబట్టి ఏడాది పొడుగునా మనకీ భారతదేశానికీ పన్నెండున్నర గంటల తేడా. ఆ ఫిబ్రవరి 17 అమావాస్య అక్కడ సాయంత్రం 5:30కి ముగిస్తే ఇక్కడ తెల్లవారుజామున 5కే ముగుస్తుంది. అక్కడ ఉదయం 8కి ముగిసే తిథి ఇక్కడ ముందురోజు రాత్రి 7:30కే అయిపోతుంది.

బెండ, గోంగూర ఎండకి తట్టుకునేవి. మార్చి ఆఖరు నుంచి వెయ్యొచ్చు, ఏప్రిల్ అంతా వీలే. బెండ గింజ రాత్రంతా నానబెట్టి అంగుళం లోతులో, అడుగుకొకటి నేరుగా నేలలోనే పెట్టండి. తల్లివేరు కదిలితే కోలుకోదు, కాబట్టి నారు పోసి మార్చొద్దు. బీర, సొర తీగలు పందిరెక్కి ఆకులు గుబురుగా వేస్తాయి, పిందె మాత్రం ఒక పట్టాన పట్టదు. వేడీ పొడుగు పగళ్లూ కలిస్తే మగపూలే ఎక్కువొస్తాయి. ఈ రెండింటి పూలూ సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళ తేనెటీగలు తిరగవు. పొద్దుగూకాక మగపువ్వు కోసి రేకలు తీసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు నడిమధ్యన రుద్దండి. కాకర పువ్వు తెల్లవారుజామున విచ్చుతుంది, దాని పని పొద్దున్నే.

చిక్కుడు వేరే లెక్క. మన పాత రకాలు పగలు పొట్టిబడితేనే పూస్తాయి, ఏప్రిల్‌లో వేస్తే ఆరు నెలలు తీగని ఊరికే మేపినట్టు. జూలై ఆఖర్లో, ఆగస్టులో వేస్తే అక్టోబరులో పూస్తుంది. ఇక్కడి మూలవాసులైన ఓథమ్ జనం తరతరాలుగా ఎండాకాలపు వానలకే టెపరీ చిక్కుళ్లు విత్తుకున్నారు, ఈ నేలకి అదీ పంచాంగం. బొబ్బర్లు కూడా అప్పుడే.

అత్తయ్యగారి మాట పూర్తిగా చెల్లేది చలికాలంలో. ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర, మెంతి, పాలకూరకి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అదనే. అన్ని నెలల్లో పక్షం ఎంచుకోవడానికి బోలెడు వ్యవధి. ముల్లంగి కృష్ణపక్షంలో, మెంతి శుక్లపక్షంలో వేసుకోండి, ఏం పోదు. ధనియాలు రెండుగా నలిపి వెయ్యండి. సెప్టెంబరులో తొందరపడితే వేడి మట్టిలో అవి మొలవవు.

ఇక డబ్బు దగ్గరికొద్దాం. నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు, అడుగు ఎత్తు చెక్క మడి కట్టి సంచుల మట్టితో నింపితే 32 ఘనపుటడుగులు. రెండేసి ఘనపుటడుగుల సంచులు పదహారు పడతాయి. పైగా ఎత్తు మడి నాలుగు వైపులా ఎండ తగిలి త్వరగా ఆరిపోతుంది. అదే చోట నేలని అడుగు లోతు గుల్ల చేసి, మూడంగుళాల కంపోస్టు కలిపి, చుట్టూ గట్టు వేసి మడిని కాస్త పల్లంగా ఉంచితే నాలుగు సంచులు చాలు. ముందు గుంట తవ్వి నీళ్లు నింపి చూడండి. రెండోసారి నింపినవి మర్నాటికీ ఇంకకపోతే కింద కలీచీ అనే సున్నపు గట్టిపొర ఉన్నట్టే. గునపంతో పగలగొట్టండి, లేదా చోటు మార్చండి.

జూన్‌లో ఆ మడి నుంచి రోజుకి సుమారు 0.4 అంగుళం నీరు ఆవిరవుతుంది, అంటే 8 గాలన్లు. రోజూ పైపైన చల్లకుండా, డ్రిప్‌తో రెండు రోజులకోసారి 16 గాలన్లు తెల్లవారుజామున ఇవ్వండి. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చితే అడుగు లోతు సులువుగా దిగాలి. ఇక్కడి నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆకు అంచులు గోధుమ రంగుకి తిరిగి మాడుతుంటే దాహం అనుకోకండి, ఉప్పు పేరుకుంది. నెలకోసారి రెట్టింపు నీళ్లిచ్చి కిందికి దింపండి. మూడంగుళాల ఎండుగడ్డి కప్పితే ఆవిరి తగ్గుతుంది. మే మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా పడమటి ఎండ పడకుండా 40, 50 శాతం షేడ్ నెట్ కట్టండి. ఇంతకన్నా చిక్కటి నెట్ కింద బెండ సరిగ్గా కాయదు.

ఇండియా నుంచి విత్తనాలు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో, అనుమతో కావాలి. కరివేపాకు మొక్కకి ఇంకా గట్టి ఆంక్షలున్నాయి. పందిరికి మీ కాలనీ నిబంధనలుంటాయి. అవన్నీ ఆయా చోట్ల చూసుకోండి. ఫీనిక్స్, చాండ్లర్ ఉన్న మారికోపా కౌంటీకి అరిజోనా విశ్వవిద్యాలయం విస్తరణ విభాగం కూరగాయల నాట్ల పట్టిక ఇస్తుంది, దాన్ని పంచాంగం పక్కనే గోడకి తగిలించుకోండి.