జిప్సీకి డీజిల్ ఇంజన్: అల్లుడికి ఉత్తరం

చి. అల్లుడికి, మామయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. బండి బాగుంది. ఛాసిస్‌కి తుప్పు పట్టలేదు, పాత మారుతి జిప్సీలో చూసుకోవాల్సింది ముందు అదే. పేచీ అంతా ఇంజన్ దగ్గరే. పెట్రోలింజన్ పీకేసి డీజిల్ వేయిస్తే ఏడాదిలో డబ్బు తిరిగొస్తుందని నీకెవరో చెప్పారట. ఆ చెప్పినాయన పాత రోజుల లెక్క చెప్పాడు. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద కేంద్రం చెయ్యి తీసేసింది, డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబరు దాకా పట్టు వదల్లేదు. ఆ నాలుగేళ్ళూ రెండింటికీ అంత తేడా ఉండబట్టే ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు జిప్సీలు వరసకట్టాయి. ఇప్పుడా తేడా ఎక్కడుంది? ఏడాదికి 5000 కిలోమీటర్లు తిరుగుతానన్నావు. పెట్రోలు మీద లీటరుకి 10 వస్తే 500 లీటర్లు, 110 చొప్పున 55 వేలు. డీజిల్ మీద 15 వస్తే 333 లీటర్లు, 97 చొప్పున 32 వేల పైచిలుకు. మిగిలేది 22 వేలు. పని సవ్యంగా చేయిస్తే లక్షన్నరకు తక్కువ కాదు. ఏడేళ్ళు పడుతుంది, ఈలోపు ఏదీ పాడవకపోతే.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ లాంటి కిట్లకు దారి ఉంది కానీ, ఎక్కడో తుక్కులో కొన్న డీజిల్ ఇంజన్‌కి లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. మేం చేసిన రోజుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసీచూడనట్టు పోయేవాడు, ఆ రోజులు పోయాయి. అన్నిటికంటే నాకు భయం ఇన్సూరెన్స్. నర్సీపట్నం ఘాట్‌లో ఎవరికైనా తగిలితే, ఇంజన్ నంబరు కలవని బండికి ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వడానికి వంద వంకలు పెడతారు. అందుకని నా మాట ఒకటే. ఈ బండి రోడ్డెక్కేదైతే ఉన్న పెట్రోలింజన్‌కే సిలిండర్ బోరు, హెడ్డు పని చేయించుకో. తోట గేటు దాటించనని ఒట్టేస్తేనే కింది సంగతులు చదువు.

చదువుతావని తెలుసు. మొండితనంలో మీ అమ్మ పోలికే కదా.

తోట పనికి డీజిల్‌లో సుఖం లేదని నేను అనను. జిప్సీ పెట్రోలింజన్ 80 హార్స్‌పవర్ ఇచ్చేది 6000 ఆర్‌పీఎం దగ్గర, అంటే నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పుడు. బస్తాలేసుకుని బురదలో ఎత్తు ఎక్కేటప్పుడు అంత తిప్పితే చక్రం జారుతుందే గానీ బండి కదలదు. డీజిల్ అయితే నింపాదిగా లాగుతుంది. స్పెయిన్‌లో సాంతానా కంపెనీ జిప్సీకి తోబుట్టువు లాంటి సుజుకీ సమురాయ్‌కి 1.9 లీటర్ల ప్యూజో డీజిల్ పెట్టి షోరూమ్‌లోనే అమ్మింది. కాబట్టి ఇది పిచ్చిపని కాదు.

ఏ ఇంజన్ అంటే, స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 లీటర్ల డీడీఐఎస్ డీజిల్ జోలికి పోకు. 190 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) చూసి అందరూ మురిసిపోతారు. జిప్సీ ఇంజన్ ఇచ్చేది 103. దానికి సరిపోను చేసిన గేరుబాక్సు, చక్రాల వైపు వెళ్ళే షాఫ్టుల క్రాస్ జాయింట్లు అంత బలాన్ని ఎన్నాళ్ళు మోస్తాయి? పైగా కంప్యూటరు, వైరింగు, తాళంలో చిప్పు. టర్బో అందుకునే లోపు తక్కువ ఆర్‌పీఎంలో పస ఉండదు, నీకు కావాల్సిందేమో అక్కడే. పాత జెన్, ఎస్టీమ్ డీజిల్‌లో వచ్చిన 1.5 ప్యూజో దొరికితే చూడు. 57 హార్స్‌పవరే, అయినా పంపు మెకానికల్, రెండు వైర్లుంటే నడుస్తుంది. సామాన్లు దొరకడం కష్టం కనుక ఇంకో ఇంజన్ పక్కన పెట్టుకో. టైమింగ్ బెల్టు మాత్రం చూసి బాగుందనుకోకుండా కొత్తది వేయి. అది తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి.

ఇంజన్‌నీ గేరుబాక్సునీ కలిపే అడాప్టర్ ప్లేటు దగ్గరే అసలు పని ఉంది. నేను మొదటిసారి చేసినప్పుడు బోల్టు రంధ్రాలు కలిశాయి కదా అని బిగించేశాను. రెండు ముక్కల్నీ కదలకుండా సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు వేయలేదు. బండి అమ్మవారి పల్లకీలా కదిలింది. రెండు నెలలకు క్లచ్ తొక్కినప్పుడల్లా సన్నగా ఈల. విప్పి చూస్తే గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కును మోసే పైలట్ బేరింగ్ పొడి పొడి, ఆ ముక్కు వేడికి నీలం తిరిగింది. సెంటరు తప్పింది వెంట్రుకవాసే. ఓనరు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పట్నుంచీ ప్లేటు మధ్యలో లేత్ మీద గుండ్రటి బోరు తీయించి, అదే సెట్టింగులో డోవెల్ రంధ్రాలు కూడా వేయిస్తున్నాను. తర్వాత ఫ్లైవీల్‌కి సన్నటి తేడాల్ని సూదితో చూపే డయల్ గేజ్ అంటించి, సూదిని ఆ బోరు అంచుకి ఆనించి, క్రాంకుని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. సూది మొత్తం ఊపు 0.2 మిల్లీమీటర్లు దాటితే విప్పేయడమే. ప్లేటు మందం మేస్త్రీ ఇష్టం కాదు. షాఫ్ట్ ముక్కు బేరింగ్‌లోకి ఎంత దిగాలో కొలిచి నిర్ణయించు. సెల్ఫ్ మోటారు ఎటు వస్తుందో కూడా ముందే చూసుకో, ఈ ఇంజన్ కార్లో అడ్డంగా కూర్చునేది, జిప్సీలో బండి పొడవునా కూర్చోవాలి.

ముందు, వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ జిప్సీలో విడిగా ఉంటుంది కనుక దాన్ని కదపక్కర్లేదు. హై రేంజిలో కూడా అది ఒకటికి ఒకటి కాదు, దాదాపు 1.4 రిడక్షన్, అంటే వేగం తగ్గి లాగే బలం పెరుగుతుంది. తోటకు అదే వరం.

బ్రేకు సంగతి చాలామంది మరిచిపోతారు. పెట్రోలింజన్ తన మానిఫోల్డ్ (గాలి పీల్చే గొట్టం) నుంచి, బ్రేకుకి బలం పెంచే బూస్టర్‌కి వాక్యూమ్ ఇస్తుంది. డీజిల్ ఇవ్వదు. ఇంజన్‌తో పాటు వాక్యూమ్ పంపు కూడా తెచ్చుకో. అది లేకుండా పెడల్ తొక్కితే బండరాయి మీద కాలు పెట్టినట్టుంటుంది.

పెట్రోల్ ట్యాంకు దింపి కడిగించు, రిటర్న్ పైపు వేయించు, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టించు. లోపల పెట్రోలు మిగిలిపోతే డీజిల్ పంపుకి జిడ్డు సరిగా అందదు. ఇనప దిమ్మ బరువుకి ముందు కమాన్ కట్టలో ఒక పట్టా పెంచు. బండి ఎగిరి దిగినప్పుడు ఇంజన్ కింది ఆయిల్ సంపు ముందు యాక్సిల్ హౌసింగ్‌కి తగలకుండా ఎడం ఉందో లేదో జాకీ వేసి చూడు. హీటర్ ప్లగ్గులు నాలుగూ కొత్తవే. లంబసింగి చలిలో పొద్దున్నే పాత ప్లగ్గులతో సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే బ్యాటరీ పోతుంది తప్ప ఇంజన్ లేవదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పాత క్లచ్ ప్లేటు, గేరుబాక్సు సంచిలో వేసుకురా. డయల్ గేజ్ నా దగ్గరుంది. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని కొలతలు తీసుకుందాం. మీ అత్తతో మాత్రం నేనే చెప్పానని అనకు.

మీ మామయ్య