కాఫీలో తీపి బిళ్ల వేయనా, మాననా?

మీ ప్రశ్న – డాక్టర్ జవాబు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మావారికి 63 ఏళ్లు. ఐసీఎఫ్‌లో (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) పనిచేసి రిటైరయ్యారు. పదేళ్లుగా షుగర్ ఉంది. రోజుకు మూడు సార్లు ఫిల్టర్ కాఫీ పడాల్సిందే. కప్పుకి రెండు చొప్పున తీపి బిళ్లలు వేసి ఇస్తూ వచ్చాను. ఈ మధ్య మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. బిళ్లల్లో ఉండే ఆస్పర్టేమ్ వల్ల క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందట, షుగర్ పేషెంట్లు అసలు ముట్టుకోకూడదట. భయమేసి డబ్బా చెత్తబుట్టలో పడేశాను. కరుపట్టి, అంటే తాటిబెల్లం అయితే ఏమీ కాదు, చెట్టు నుంచి వచ్చేదే కదా అని ఎవరో అంటే దాంతోనే కాఫీ ఇస్తున్నాను. మొన్న మూడు నెలల టెస్టు చేయిస్తే హెచ్‌బీఏ1సీ 7.2 నుంచి 8.1కి పోయింది. ఇప్పుడు ఏం చేయాలో తోచడం లేదు. ఇంకో మాట. మా మనవరాలు, తొమ్మిదేళ్ల పిల్ల, ఫ్రిజ్‌లో ఉన్న డైట్ కోలా తాగుతానంటుంది. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూర్, చెన్నై

జవాబు: అమ్మా, ముందు కరుపట్టి ఆపండి. వీడియో సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.

చెన్నైలో ఇప్పుడు ఏ రోడ్డు మీద చూసినా కరుపట్టి కాఫీ బోర్డే కనబడుతోంది. నాట్టు సక్కరై (నాటు చక్కెర), తాటిబెల్లం, తేనె, ఇవన్నీ షుగర్ ఉన్నవాళ్లకు మంచివన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "చక్కెర మానేశాను డాక్టర్, బెల్లమే వేసుకుంటున్నా" అని ధీమాగా చెబుతారు. తాటిబెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉండే మాట నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం సుక్రోజే, అంటే మన డబ్బాలో ఉండే పంచదారే. కప్పుకి రెండు చెంచాలంటే పది గ్రాముల దాకా అవుతుంది. మూడు కప్పులకు ముప్పై గ్రాములు. ఆరోగ్యవంతులైనా రోజు మొత్తం మీద విడిగా కలుపుకునే చక్కెర 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. మీవారికి ఆ మూడు కప్పుల కాఫీతోనే అది దాటిపోతోంది. హెచ్‌బీఏ1సీ 8.1కి పోవడానికి ఇదొక్కటే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పలేను. మందులు వేళకు వేసుకుంటున్నారా, నడక తగ్గిందా అన్నవి మీ డాక్టరు చూడాలి. అయినా రోజూ ముప్పై గ్రాములు కొత్తగా లోపలికి పోతుంటే ఆ అంకె కదలకుండా ఉండదు.

ఇక వీడియో. అందులో ఉన్నదంతా అబద్ధం కాదు. 2023లో వచ్చిన రెండు వేర్వేరు వార్తలను కలిపి ఒకటిగా చెప్పారు. జనం హడలిపోవడానికి కారణం అదే.

మొదటిది మే నెలలో వచ్చింది. బరువు తగ్గడానికని చక్కెర బదులు వాడే ఈ తీపి పదార్థాలను వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. ఏళ్ల తరబడి వాడినా ఒంట్లో కొవ్వు తగ్గినట్టు కనబడలేదన్నది వాళ్లు చూపిన కారణం. అయితే ఇప్పటికే షుగర్ వ్యాధి ఉన్నవాళ్లకు ఈ సలహా వర్తించదని ఆ పత్రంలోనే స్పష్టంగా ఉంది. వీడియోలో ఈ ముక్క వదిలేసి, సరిగ్గా షుగర్ ఉన్నవాళ్లనే భయపెట్టారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. మీలాంటి ఇళ్లలో ఆ ఒక్క వాక్యం ఎంత తేడా తెచ్చేదో చూడండి.

రెండోది జులై 14న వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థలోనే భాగంగా క్యాన్సర్ మీద పనిచేసే ఐఏఆర్‌సీ ఆస్పర్టేమ్‌ను 2బి అనే వర్గంలో పెట్టింది. ఒక పదార్థం క్యాన్సర్ తేగలదనడానికి సాక్ష్యం ఎంత గట్టిగా ఉందో తేల్చడం ఆ సంస్థ పని. ఎంత మోతాదులో తింటే ఎంత ప్రమాదమన్నది అది చెప్పదు. పొగాకు, మద్యం, సాక్ష్యం బలంగా ఉన్న ఒకటో వర్గంలో ఉన్నాయి. 2బి అంటే సాక్ష్యం పరిమితంగానే ఉంది, ఇంకా పరిశోధన జరగాలి అని. కలబంద ఆకును మొత్తంగా నూరి తీసిన సారం కూడా ఇదే వర్గంలో ఉంది.

మోతాదు సంగతి చూసేది జేఈసీఎఫ్ఏ అనే వేరే నిపుణుల కమిటీ. అదే రోజు వాళ్లూ తమ నిర్ణయం చెప్పారు. ఒంటి బరువులో కిలోకి రోజుకు 40 మిల్లీగ్రాముల దాకా ఆస్పర్టేమ్ తీసుకోవచ్చన్న పాత హద్దును మార్చాల్సిన అవసరం లేదన్నారు. మీవారి బరువు 65 కిలోలు అనుకుందాం. ఆయన హద్దు 2,600 మిల్లీగ్రాములు. మామూలు బిళ్లలో ఆస్పర్టేమ్ 20 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. బ్రాండును బట్టి మారుతుంది కాబట్టి డబ్బా మీద చూసుకోండి. రోజుకు ఆరు బిళ్లలంటే 120 మిల్లీగ్రాములు, హద్దులో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఆ హద్దు కూడా ఊరికే పెట్టింది కాదు. జంతువుల మీద పరీక్షించి, హాని కనబడని మోతాదును వందో వంతుకు తగ్గించి పెట్టారు.

శాకరిన్ అనే మరో తీపి పదార్థం విషయంలోనూ ఇలాంటి భయమే నడిచింది. 1970లలో మగ ఎలుకలకు మూత్రాశయంలో గడ్డలు వచ్చాయని అమెరికాలో డబ్బాల మీద హెచ్చరికలు వేయించారు. అలా జరగడానికి కారణం ఎలుకల మూత్రం తీరులోనే ఉందని, మనుషుల్లో అలా జరగదని తేలాక 2000లో వాటిని తీసేశారు.

అలాగని భయపడాల్సింది ఏమీ లేదని నేను అనను. 2022లో ఫ్రాన్స్ నుంచి ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. లక్ష మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్లపాటు గమనిస్తే, ఈ తీపి పదార్థాలు ఎక్కువ వాడినవాళ్లలో క్యాన్సర్ 13 శాతం ఎక్కువగా కనబడింది. దీన్ని చదివేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇవి వాడేదే బరువు పెరిగినవాళ్లు, షుగర్ భయం ఉన్నవాళ్లు. వాళ్లకు ఆ జబ్బుల ముప్పు ముందే ఎక్కువ. లెక్కల్లో సర్దినా అది పూర్తిగా పోదు. అయినా ఆ అధ్యయనాన్ని నేను పక్కన పడేయను. అందుకే ఎవరికీ "ఎన్నైనా వేసుకోండి" అని చెప్పను.

ఇక్కడి మనుషుల మీద, ఇక్కడి కాఫీతోనే చేసిన పరీక్ష ఒకటుంది. మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు టైప్ 2 షుగర్ ఉన్న 179 మందిని తీసుకుని, కొందరికి టీ కాఫీల్లో చక్కెర బదులు సుక్రలోజ్ అనే ఇంకో తీపి పదార్థం ఇచ్చి, 12 వారాలు చూశారు. 2024లో ఫలితాలు వచ్చాయి. సుక్రలోజ్ వాడినవాళ్లకు హెచ్‌బీఏ1సీ పెరగలేదు, చెప్పుకోదగ్గట్టు తగ్గనూ లేదు. బరువు, నడుము చుట్టుకొలత కాస్త తగ్గాయి, అదీ చాలా కొద్దిగా. 12 వారాల పరీక్ష క్యాన్సర్ గురించి ఏమీ చెప్పదు. కానీ ఈ బిళ్లల స్థానం ఏమిటో మాత్రం నాకు ఇందులో బాగా కనబడుతుంది. అవి మందు కావు, విషమూ కావు. చక్కెర లేకుండా కాఫీ తాగలేని మనిషిని చక్కెర నుంచి తప్పిస్తాయి, అంతే. అందుకే బిళ్ల మంచిదా చెడ్డదా అని నన్ను ఎవరు అడిగినా, దేని బదులు వేసుకుంటున్నారని తిరిగి అడుగుతాను. మీ ఇంట్లో బిళ్ల పోయి కరుపట్టి వచ్చింది. ఆ మార్పు మీవారికి నష్టం చేసింది. మా అమ్మకు కూడా షుగర్ ఉంది. ఆమె కాఫీలో ఒక బిళ్ల నేనే వేసి ఇస్తాను.

కాబట్టి బిళ్లలు మళ్లీ తెచ్చుకోండి. కప్పుకి రెండు బదులు ఒకటిన్నర వేయండి. కొన్ని వారాలు పోయాక ఒకటి చేయండి. నాలుక అలవాటు పడుతుంది. డికాక్షన్ చిక్కగా, పాలు మంచివిగా ఉంటే తీపి తక్కువైనా కాఫీ రుచి పోదు. బయట తాగాల్సి వస్తే "సక్కరై కమ్మి" (చక్కెర తక్కువ) అంటే సరిపోదు. వాళ్లకు కమ్మి అంటే ఒక చెంచా. అసలు వేయవద్దని చెప్పి, జేబులోంచి బిళ్ల తీసి వేసుకోమనండి. ఇంట్లో పాయసం చేస్తే ఆస్పర్టేమ్ బిళ్లలు పొయ్యి మీద ఉండగా వేయకండి. ఎక్కువసేపు మరిగితే అది విడిపోయి తీపి పోతుంది. తీపి చాలలేదని ఇంకో నాలుగు వేసేవాళ్లను చూశాను. దించి, కాస్త చల్లారాక కలపండి. అన్నిటికంటే ముఖ్యం, బిళ్ల వేసుకున్నాం కదా అని కాఫీతో పాటు నాలుగు బిస్కట్లు తినడం మానిపించండి. మైదా కూడా రక్తంలో చక్కెరే అవుతుంది.

మనవరాలికి మాత్రం వద్దు. ఆస్పర్టేమ్ ఉన్న డబ్బా తిప్పి చూడండి. పిల్లలకు సిఫారసు చేయడం లేదని, ఫినైల్‌కీటోన్యూరియా ఉన్నవాళ్లు వాడరాదని రాసి ఉంటుంది. రెండోది పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు. అది ఉన్నవాళ్ల ఒంట్లో ఆస్పర్టేమ్ నుంచి వచ్చే ఫినైల్ అలనిన్ విరగక పేరుకుపోతుంది. పిల్లకు అది లేకపోయినా, తొమ్మిదేళ్లకే ప్రతి గుక్కా అంత తియ్యగా ఉండాలన్న అలవాటు ఎందుకు చేయాలి? పైగా కోలాలో కెఫీన్ ఉంటుంది. ఇప్పటికే ఎప్పుడైనా తాగి ఉన్నా కంగారు పడవద్దు. ఫ్రిజ్‌లో సీసా లేకుండా చూడండి, మజ్జిగో నీళ్లో ఇవ్వండి. పిల్లలకే షుగర్ ఉన్న ఇళ్లలో సంగతి వేరు. అది వాళ్ల డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, ఓఎమ్మార్‌లో ఐటీ ఉద్యోగం. షుగర్ లేదు. బరువు తగ్గాలని చక్కెర మానేసి స్టీవియా పొడి, కీటో స్వీట్లు వాడుతున్నాను. ఇవి నాచురల్ కాబట్టి ఎంత తిన్నా ఫరవాలేదా?
– ఒక పాఠకుడు, షోళింగనల్లూర్

జవాబు: ఎంత తిన్నా ఫరవాలేదన్నది మన కూరగాయల విషయంలోనే చెప్పలేం బాబూ. మీ స్టీవియా పొట్లం వెనక చిన్న అక్షరాలు చదవండి. చాలావాటిలో స్టీవియా చిటికెడు, మిగతాదంతా ఎరిథ్రిటాల్ అనే వేరే తీపి పదార్థం ఉంటుంది. అక్కడ కలిపిన పదార్థాలకు ఐఎన్‌ఎస్ అని నంబర్లు ఉంటాయి. 960 అంటే స్టీవియా, 968 అంటే ఎరిథ్రిటాల్. స్టీవియా ఆకుల నుంచి శుద్ధి చేసి తీసిన పదార్థానికి కూడా రోజువారీ హద్దు ఉంది. ఎరిథ్రిటాల్ గురించి 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు ఒక హెచ్చరిక చేశారు. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవాళ్లకు గుండెపోటు, పక్షవాతం ఎక్కువ వచ్చాయని గమనించారు. ఒకేసారి 30 గ్రాములు తాగించి చూస్తే రక్తంలో దాని స్థాయి రెండు రోజులకు పైగా బాగా ఎక్కువగానే ఉంది. మన ఒళ్లు కూడా కొంత ఎరిథ్రిటాల్ తయారు చేసుకుంటుంది కాబట్టి, అదే కారణమని ఇంకా తేలలేదు. కాఫీలో చిటికెడుకు నేను అభ్యంతరం చెప్పను. కీటో స్వీట్లలో, ఐస్‌క్రీముల్లో ముప్పై గ్రాములు తేలిగ్గా దాటిపోతుంది. మీ ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లుంటే అవి మానేయండి. నేను పైన చెప్పిన మే నెల సలహా మీలాంటివాళ్లకే. బరువు తగ్గాలంటే ఆ పొడికన్నా రాత్రి పదింటికి తెప్పించుకునే బిర్యానీ సంగతి చూడండి.

ప్రశ్న: నాకు ఆరో నెల. ప్రెగ్నెన్సీ షుగర్ అన్నారు. టెన్షన్‌గా ఉంది. దీపావళికి షుగర్ ఫ్రీ స్వీట్లు తినవచ్చా?
– ఒక పాఠకురాలు, అంబత్తూర్

జవాబు: అమ్మాయీ, శాకరిన్ ఉన్నవి వద్దు. అది మాయ దాటి బిడ్డదాకా వెళుతుంది. ఆస్పర్టేమ్ పేగుల్లోనే విడిపోతుంది. అదీ, సుక్రలోజూ తక్కువ మోతాదులో ఫరవాలేదు. కానీ కొట్లో అమ్మే షుగర్ ఫ్రీ కాజూ కత్లీలో చక్కెర లేకపోయినా జీడిపప్పు, నెయ్యి అలాగే ఉంటాయి. తీపికి మాల్టిటాలో సార్బిటాలో వేస్తే ఎక్కువ తిన్నప్పుడు గ్యాస్, విరేచనాలు పట్టుకుంటాయి. మాల్టిటాల్ అయితే షుగర్‌ను కొంత పెంచుతుంది కూడా. పండగ రోజు భోజనం తరువాత ఒక చిన్న ముక్క తినండి. రెండు గంటలకు గ్లూకోమీటరుతో చూసుకుని, 120 దాటితే ఆ అంకె మీ డాక్టరుకు చూపించండి. కాన్పయ్యాక షుగర్ తగ్గిపోయిందని ఊరుకోకండి. ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ టెస్టు, ఆ తరువాత ఏడాదికోసారి షుగర్ టెస్టు చేయించుకోండి.