ఎక్స్‌రే కేటలాగులు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. ఆకాశంలోని ఎక్స్‌రే మూలాల (ఎక్స్‌రేలు వెదజల్లే నక్షత్రాలు, బ్లాక్‌హోళ్ల వంటివాటి) కేటలాగుల మీద, అంటే జాబితాల మీద పనిచేస్తానంటోంది. అందులో ఉద్యోగాలుంటాయా? దాని బదులు ఆరు నెలల ఏఐ కోర్సులో చేర్పిస్తే మేలు కాదా? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముప్పై దగ్గరపడుతున్నా పిల్ల ఇంకా చదువుతూనే ఉంటుందేమోనన్నది మీ అసలు భయం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పట్టే మాట నిజమే. కానీ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదట్నుంచే నెలకు 37,000 రూపాయలు అందుతాయి, మీమీద భారం పడదు. శాశ్వత పోస్టులు మాత్రం తక్కువే.

నా అనుమానమల్లా ఆ ఏఐ మోజు మీదే. 2024 జనవరిలో ఈరోసిటా అనే ఎక్స్‌రే అంతరిక్ష టెలిస్కోపు తొలి సర్వే కేటలాగు వచ్చింది. సగం ఆకాశంలోనే దాదాపు 9 లక్షల మూలాలు. వాటిని ఏఐ మోడల్‌కు ఇచ్చి రకాలుగా విడగొట్టడం ఇప్పుడు ఫ్యాషన్. అందుకు ముందు ఒక్కో మూలాన్నీ మామూలు కాంతిలో అదే చోట కనిపించేదానితో జతపరచాలి. అయితే ఎక్స్‌రే స్థానంలో కొన్ని ఆర్క్‌సెకన్ల (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకన్) తేడా ఉంటుంది. అసలు మూలం దూరపు గెలాక్సీలోని బ్లాక్‌హోల్ అయితే నక్షత్రాల స్థానాలు, దూరాలు ఉండే గయా కేటలాగుకు అందనంత మసకగా ఉండొచ్చు. అప్పుడు దారిలో అడ్డొచ్చిన నక్షత్రమే జతగా దొరుకుతుంది. దాని రంగు, దూరం చూసి మోడల్ ధీమాగా 'నక్షత్రం' అనేస్తుంది. పైగా శిక్షణకు వాడేవి ఎక్కువగా ప్రకాశవంతమైన మూలాలే. వాటి మీద 95 శాతం మార్కులొచ్చినా మసక మూలాల విషయంలో నమ్మకం లేదు. వేలా సూపర్‌నోవా అవశేషం (పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన మేఘం) లాంటి చోట్ల సాఫ్ట్‌వేర్ ఒకే మేఘాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడి మూలంగా రాసేస్తుంది. ఇవేవీ చూసుకోకుండా ఏఐ నేర్చుకుని ఏం లాభమండీ? పక్కింటివాళ్లు చేరారని చేర్పించకండి.

ఈ సెలవుల్లో అమ్మాయిని ఇలా చేయనివ్వండి. కేటలాగులను జతపరిచే టాప్‌క్యాట్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఎక్స్‌ఎంఎం-న్యూటన్ అనే ఎక్స్‌రే టెలిస్కోపు కేటలాగైన 4ఎక్స్‌ఎంఎం స్లిమ్ (కుదించిన) వెర్షన్ దించుకుని, ఆకాశంలో చిన్న భాగం తీసుకుని, నాణ్యత ఫ్లాగ్ 0 ఉన్న (అంటే అనుమానం గుర్తు లేని) మూలాలే ఉంచాలి. వాటిని 3 ఆర్క్‌సెకన్ల లోపు గయాతో జతపరచాలి. తర్వాత ఎక్స్‌రే స్థానాలన్నిటినీ ఒకే దిక్కుకు 1 ఆర్క్‌మినిట్ (60 ఆర్క్‌సెకన్లు) జరిపి, మళ్లీ జతపరచాలి. ఈసారి దొరికేవి దాదాపు అన్నీ కాకతాళీయమే. మొదట 700 జతలు, జరిపాక 150 వచ్చాయనుకోండి, ఆ 700లో సుమారు 150 అబద్ధాలుండొచ్చు. పాలపుంత తలానికి దగ్గరగా ఇదే చేస్తే ఆ సంఖ్య పెరుగుతుంది. ఎందుకో అమ్మాయే చెప్పాలి.

డేటా ఉద్యోగాల్లోనూ ఇలా తప్పు పట్టగలిగేవాళ్లే కావాలి, కాబట్టి పరిశోధన వద్దనుకున్నా ఈ చదువు వృథా కాదు. ఎమ్మెస్సీ ఆస్ట్రానమీకి ఉస్మానియాలో ప్రత్యేక విభాగమే ఉంది. ఈ లెక్క మీ ముందు చేసి చూపించాక కూడా అమ్మాయే ఏఐ కోర్సు కావాలంటే, అప్పుడు ఫీజు కట్టండి.