ఐరన్ రెట్టింపు చేసినంత మాత్రాన మాయకు రక్తం అందదు

ప్రశ్న: మా చెల్లికి 23 ఏళ్లు, సికిల్ సెల్ జబ్బు ఉంది. ఇప్పుడు ఏడో నెల. బిడ్డ బరువు తక్కువగా ఉందని, మాయకు రక్తం సరిగా అందడం లేదని స్కానింగ్‌లో చెప్పారు. ఐరన్ మాత్రలు రెండేసి వేస్తే సర్దుకుంటుందా? మాది పాడేరు దగ్గర.

జవాబు: వద్దండి, అలా వేయకండి. సికిల్ సెల్‌లో రక్తం తగ్గేది ముఖ్యంగా ఐరన్ లేక కాదు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి త్వరగా పగిలిపోవడం వల్ల. ఇదివరకే రక్తం ఎక్కించుకుని ఉంటే ఒంట్లో ఐరన్ ఎక్కువే ఉండొచ్చు కాబట్టి ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి, తక్కువ ఉంటేనే వాడాలి. రోజూ తప్పనిసరిగా కావాల్సింది 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్.

మాయలో రక్తం నెమ్మదిగా పారుతుంది, ఆక్సిజన్ కూడా తక్కువ. వంగిన కణాలు అక్కడే ఇరుక్కుని, మాయలో కొంత భాగం రక్తం అందక పాడైపోతుంది. బిడ్డ ఎదగకపోవడానికి, బీపీ పెరగడానికి, నెలలు నిండకుండా కాన్పు కావడానికి, ఒక్కోసారి మాయ ముందే విడిపోవడానికి ఇదే కారణం. పాడైన భాగాన్ని బాగుచేసే మందు లేదు, అందుకే నిఘా ముఖ్యం. బిడ్డకు రక్తం ఎలా అందుతోందో చూపే డాప్లర్ స్కాన్ ఎన్ని రోజులకోసారి చేయాలో డాక్టర్‌ని అడగండి, ఒక్కటి కూడా మానొద్దు. సికిల్ సెల్‌కి ఇచ్చే హైడ్రాక్సీయూరియా మందు వాడుతుంటే ఈ వారమే డాక్టర్‌కి చెప్పండి, గర్భంలో మామూలుగా దాన్ని ఆపేస్తారు. ఆస్పిరిన్ ఇచ్చి ఉంటే సొంతంగా మానేయొద్దు.

నీళ్లు బాగా తాగాలి, చలికి ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలి. ఒళ్లునొప్పులకి షాపులో డైక్లోఫెనాక్ కొని వేయకండి, ఈ నెలల్లో అది బిడ్డకు ప్రమాదం. జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, కళ్లు మసకబారడం, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లండి, తెల్లారనివ్వండి అనుకోవద్దు.

సికిల్ సెల్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. కానీ కాన్పు మాత్రం రక్తనిధి, పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటే జరగాలి. మీకు ఘాట్ దిగి విశాఖ చేరడానికే గంటలు పడుతుంది కదా, నొప్పులు మొదలయ్యాక బయల్దేరితే ఆలస్యమైపోతుంది, తేదీ ముందే మాట్లాడుకుని వెళ్లి చేరండి.

మీ చెల్లి భర్తకి కూడా రక్తపరీక్ష చేయించారా? ఆయనకు జబ్బు లేకపోయినా ఒక సికిల్ సెల్ జన్యువు ఉంటే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ఏజెన్సీలో ఈ పరీక్షలు జరుగుతున్నాయి, మీ ఆశా కార్యకర్తని అడగండి. పుట్టగానే బిడ్డకూ చేయించండి.