మ్యాన్ పేజీ చూడండి అని రాసిన తమ్ముడికి

హన్మకొండ

తమ్మీ,

మల్టీపాత్ స్టోరేజ్ (సర్వర్ నుంచి ఒకే డిస్కుకు ఒకటికి మించి దారులుండే ఏర్పాటు) మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి మాత్రం కోపమొచ్చింది. ‘ఒక దారి తెగితే ఇంకోటి దానంతటదే అందుకుంటుంది, మిగతా వివరాలకు మ్యాన్ పేజీ చూడండి’ అని చేతులు దులుపుకున్నావు. సిస్టమ్‌తో పాటు వచ్చే ఆ మాన్యువల్, అదే మ్యాన్ పేజీ, అర్థం కాకనే కదా మనిషి నీ వ్యాసం తెరిచింది!

లినక్స్‌లో నో_పాత్_రీట్రై సంగతే చూడు. అన్ని దారులూ పోతే ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ అది. ఫెయిల్ (వెంటనే ఎర్రర్ ఇవ్వు), క్యూ (దారి తిరిగొచ్చేదాకా ఆగు), లేదంటే ఒక అంకె (అన్నిసార్లు చూసి మానెయ్) పెట్టొచ్చని మాన్యువల్ చెబుతుంది. క్యూ పెడితే సర్వర్ ఎట్లా ఉంటుందో చెప్పదు. ఎర్రర్ రాదు. డేటాబేస్ కాజీపేట అవుటర్‌లో సిగ్నల్ దొరకని బండిలా నిలబడిపోతుంది. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్ కొడితే ఆ ప్రాసెస్ పక్కన ‘డి’ అక్షరం, అంటే డిస్కు కోసం ఎదురుచూస్తోందని. బలవంతంగా ఆపే కిల్ మైనస్ నైన్‌కూ కదలదు. అదే 12 పెట్టి, పోలింగ్ ఇంటర్వెల్ (దారులను మళ్లీ మళ్లీ చూసే వ్యవధి) 5 సెకన్లుంటే, సుమారు 60 సెకన్లు ఆగి ఎర్రర్ ఇస్తుంది. పైగా మనం సెట్టింగుల ఫైల్లో ఏమీ రాయకున్నా, ఆ స్టోరేజ్ మోడల్‌కు మల్టీపాత్ లోపలి పట్టికలో వేరే విలువ ఉండొచ్చు. నిజంగా నడిచేదేదో ‘మల్టీపాత్‌డీ షో కాన్ఫిగ్’ కొడితేనే తెలుస్తుంది. నీ వ్యాసంలో ఇదంతా ఏది?

ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇదే పని చేసే జీమల్టీపాత్‌తో నేనూ చాలా రాత్రులు కుస్తీ పట్టాను. అందులో లేబుల్ కమాండ్ డిస్కు చివరి సెక్టార్‌లో తన గుర్తు రాసుకుంటుంది. డిస్కు భాగాల వివరాలుండే జీపీటీ పట్టిక రెండో హెడర్ ఉండేదీ సరిగ్గా అక్కడే, అంటే ఒకదాని మీద ఇంకోటి పడుతుంది. క్రియేట్ కమాండ్ ఏమీ రాయదు, కాబట్టి రీబూట్ అయితే మళ్లీ చేత్తో చేసుకోవాలి. ఇది వివరంగా రాసిస్తే ఒక పత్రిక ఎడిటర్ ఆ పేరా మొత్తం కొట్టేసి, ఓపెన్ సోర్స్ గొప్పతనం మీద తన పేరా అతికించాడు. పాఠకులకు ఇంత లోతు అక్కర్లేదట! డిస్కు పోగొట్టుకున్న పాఠకుడిని అడగాల్సింది. ఇప్పుడైతే అందరికీ పది నిమిషాల వీడియోలే కావాలి, వాటిలో ఒక్కడూ కేబుల్ పీకి చూపించడు.

కేబుల్ పీకకుండా మల్టీపాత్ గురించి రాయకు. ఎస్ఏఎన్ (సర్వర్లకు డిస్కులందించే ప్రత్యేక నెట్‌వర్క్) లేకపోతే రెండు వర్చువల్ మెషిన్లు, వాటి మధ్య రెండు నెట్‌వర్కులు, మామూలు నెట్‌వర్క్ మీదుగా డిస్కునందించే ఐస్కజీ చాలు. ముందు ఒక నెట్‌వర్క్ ఆపు. దారుల స్థితి చూపే ‘మల్టీపాత్ మైనస్ ఎల్ఎల్’లో ‘యాక్టివ్ రెడీ’ అని ఉన్న వరుస ‘ఫెయిల్డ్ ఫాల్టీ’గా మారుతుంది. ఆ రెండు వరుసలూ వ్యాసంలో పెట్టు. తర్వాత రెండో నెట్‌వర్క్ కూడా ఆపి, ఒకసారి క్యూతో, ఒకసారి 12తో స్క్రీన్ మీద ఏం కనబడిందో ఉన్నదున్నట్టు రాయి.

ఎక్కడ అచ్చేయించాలన్న మాట తర్వాత. ముందు ఆ నాలుగో పేజీ తిరగరాసి పంపు.

మీ అన్న