మద్యం మానినవారికి కంప్యూటర్ విద్య: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను జూనియర్ కళాశాలలో కంప్యూటర్ బోధించి పదవీ విరమణ చేశాను. మా దగ్గరలోని వ్యసన విముక్తి కేంద్రంలో చికిత్స ముగించుకొన్న 11 మందికి కంప్యూటరు, ఏఐ పరిజ్ఞానం నేర్పమని నిర్వాహకులు అడిగారు. వారిలో ఇద్దరు లారీ డ్రైవర్లు, ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు డిగ్రీ మధ్యలో ఆపేసిన యువకుడు. తక్కినవారు కూలిపనులు చేసుకొన్నవారు. మూడు నెలల్లో ఉద్యోగం వచ్చేలా నేర్పడం సాధ్యమేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకురాలు, అనకాపల్లి జిల్లా

సమాధానం: అమ్మా, ఈ పనికి ఒప్పుకొన్నందుకు ముందుగా మీకు నమస్కారం. మూడు నెలల్లో ఉద్యోగం వస్తుందని మాత్రం వారికి మాట ఇవ్వకండి. రేపటినుంచి తాగనని ఇంట్లోవాళ్లకు ఎన్నోసార్లు మాట ఇచ్చి తప్పినవారికి, ఇంకొకరు ఇచ్చిన మాట కూడా తప్పిపోతే ఆ దెబ్బ మామూలుగా తగలదు. మూడు నెలలు రోజూ వచ్చి కూర్చొనే చోటు ఒకటి ఉంటుందని చెప్పండి. అది మీ చేతిలో ఉన్న మాట.

రోజూ రావడానికి అంత విలువ ఉందా అని మీకు అనిపించవచ్చు. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ సిల్వర్‌మన్ బృందం 1990లలో ఇలాంటి ప్రయత్నమే మొదలుపెట్టింది. హెరాయిన్, కొకైన్ వ్యసనంలో చిక్కుకొని పని లేకుండా ఉన్న పేదవారికి టైపింగు, డేటా ఎంట్రీ నేర్పుతూ, మూత్రపరీక్షలో మత్తు పదార్థం లేదని తేలితేనే ఆ రోజు పనిలోకి రానిచ్చి, భత్యాన్ని నగదుగా కాక వోచర్లుగా, అంటే సరుకులు కొనుక్కొనే చీటీలుగా ఇచ్చారు. ఆ షరతు ఉన్నన్నాళ్లు చాలామంది నిలబడగలిగారు. షరతు తీసేశాక ఆ ఫలితం పలచబడింది. అంటే టైపింగు వచ్చినంత మాత్రాన ఎవరూ నిలబడలేదు. మత్తు లేకుండా వస్తేనే రానిచ్చే చోటు, అలా వచ్చినందుకు చేతికి అందే ప్రతిఫలం వారిని నిలబెట్టాయి. మీరు మూత్రపరీక్షలు పెట్టనక్కరలేదు, అది వైద్యుల పని. తరగతిని మాత్రం సాయంత్రం ఆరింటికి పెట్టండి. వారిలో చాలామందికి అది ఇన్నాళ్లు వైన్ షాపు దారి పట్టిన వేళ. ఖాళీ కడుపు తాగాలనే కోరికను పెంచుతుంది కాబట్టి తరగతికి ముందు టీ, ఏదైనా పలహారం ఉండేలా చూడండి.

ఇక బోధన సంగతి. నేను పాఠాలు చెప్పిన ఒక కేంద్రంలో, తాగుడు మాని అప్పటికి రెండు వారాలు కూడా నిండని ఒక పెద్దమనిషికి మౌస్ ఇచ్చాను. చెయ్యి సన్నగా వణకడంతో డబుల్ క్లిక్ కుదిరేది కాదు. రెండో నొక్కు పడేలోపు బాణం గుర్తు పక్కకు జరిగిపోయేది. నాలుగోసారి ఆయన మౌస్‌ను మెల్లగా నా వైపు నెట్టి, ‘ఇది మనవల్ల కాదు సార్’ అన్నారు. మౌస్ పక్కన పెట్టించి, కీబోర్డుమీద బాణం మీటలతో ఫైలు దగ్గరకు వెళ్లి ఎంటర్ నొక్కమన్నాను. ఫైలు తెరుచుకొంది. వణుకు సాధారణంగా కొద్ది రోజుల్లో తగ్గుతుంది కానీ, జ్ఞాపకం, ఏకాగ్రత కుదుటపడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నిన్న చెప్పింది ఈ రోజు మరచిపోయారంటే అది నిర్లక్ష్యం అనుకోకండి. పాఠం నలభై నిమిషాలకు మించనివ్వకండి, మొదటి పది నిమిషాలు నిన్నటి పాఠానికే ఇవ్వండి.

ఏఐని వేరే పాఠంగా పెట్టి దాని చరిత్ర చెప్పవద్దు. ఎవరి పనిలోనుంచి వారికి నేర్పండి. ఎలక్ట్రీషియన్ ఒక ఇంటి వైరింగు ఖర్చు అంచనాను తెలుగులో ఫోనుకు మాటలతో చెబితే, దాన్ని ఏఐ పట్టికగా మార్చి ఇస్తుంది. వైరు ధర, మీటర్ల లెక్క సరిచూసుకోవడం ఆయన వంతు. లారీ డ్రైవర్లకు ఈ-వే బిల్లు, అంటే సరుకు తరలించేటప్పుడు వెంట ఉండవలసిన జీఎస్టీ పత్రం, పాఠంగా పెట్టండి. సరుకుతో 650 కిలోమీటర్లు వెళ్లే మామూలు లారీకి బిల్లు ఎన్ని రోజులు చెల్లుతుందని చాట్‌జీపీటీనో జెమినీనో అడగమనండి. 2021 జనవరి నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు, చివర మిగిలిన దూరానికి ఇంకో రోజు లెక్క కాబట్టి నాలుగు రోజులు రావాలి. యంత్రం ఒక్కోసారి 100 కిలోమీటర్ల పాత నిబంధనను పట్టుకొని ఏడు రోజులు అనవచ్చు. అలా అన్న రోజున, రోడ్డుమీద ఆ బిల్లు చూపించిన మనిషి దాని తప్పు పట్టుకొంటాడు. ఇంట్లో, ఊళ్లో ఇన్నేళ్లుగా అందరూ అతని తప్పులే పట్టారు. ఏఐ వాడకంలో నేర్వవలసిన అసలు విద్య ఈ సరిచూసుకోవడమే అని నా అభిప్రాయం. రవాణా కార్యాలయంలో గుమస్తా పనికైనా, మీసేవ కేంద్రంలో సహాయకుడి పనికైనా పనికొచ్చేది అదే.

ఏఐకి నేర్పడం కోసం ఇంట్లో కూర్చొని ఫోటోలకు, మాటలకు గుర్తులు పెట్టే డేటా లేబెలింగ్ పని గురించి కూడా వారు మిమ్మల్ని అడుగుతారు. ఆ పని నిజంగానే ఉంది. కానీ ముక్కకు ఇంతని ఇచ్చే ఆదాయం నిలకడగా ఉండదు, కొన్నింటిలో హింసాత్మక చిత్రాలు చూడవలసి వస్తుంది. మానిన మొదటి ఏడాదిలో అలాంటివి వద్దనే చెబుతాను. పని ఇవ్వడానికి ముందుగా డబ్బు కట్టమంటే అది మోసమే.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. మీరు పాఠానికి వాడే ఫోనే బెట్టింగ్ యాప్‌కు, లోన్ యాప్‌కు కూడా తలుపు. మద్యం మానినవారు ఆ వెలితిని పందెంతో నింపుకోవడం నేను కళ్లారా చూశాను. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి; డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది. అయినా దొంగదారుల్లో ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. వీలైతే మొదటి నెలంతా కేంద్రం కంప్యూటర్లమీదే నేర్పండి. అర్ధరాత్రి తాగాలనిపించినప్పుడు ఏఐతో మాట్లాడుకొంటే చాలునని ఎవరైనా అనుకొంటే, ఆ సమయంలో మనిషి గొంతే కావాలని చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 ప్రతి ఫోనులోనూ వారిచేతనే ఎక్కించండి. నంబరు ఎక్కించడం కూడా పాఠమే.

ప్రశ్న: పై తరగతిలోని యువకుడు తన బయోడేటాలో ఖాళీగా ఉన్న రెండేళ్లకు ఏమి రాయాలని అడుగుతున్నాడు. నేనేం చెప్పాలి?

సమాధానం: ‘ఆరోగ్య కారణాలవల్ల విరామం తీసుకొన్నాను, ఇప్పుడు పనికి సిద్ధంగా ఉన్నాను’ అని రాస్తే చాలు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాలవల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకొంది. కాబట్టి చికిత్స చేసినవారు, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, అతని వివరాలను గోప్యంగా ఉంచాలి. ఆ వివరాలను అతను కూడా ఏఐలో టైపు చేయకూడదు. ఇంకొక్క జాగ్రత్త. బయోడేటా రాసిపెట్టమంటే ఏఐ ఖాళీని చూసి ఊరుకోక, చేయని ఉద్యోగమేదో కల్పించి అందంగా పూరించవచ్చు. ప్రతి వాక్యాన్ని అతనిచేత బయటికి చదివించి, నిజం కానిదాన్ని అతని చేత్తోనే కొట్టివేయించండి.