క్రౌన్ పెట్టాక ఏం విరిగిందో చూడు

చిరంజీవి అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. గచ్చిబౌలి నుంచి రాత్రి పన్నెండింటికి నువ్వు పంపిన మాస్ స్పెక్ట్రం (అయాన్లను బరువు వారీగా చూపే గ్రాఫ్) ఫొటో పొద్దున కాఫీ తాగుతూ చూశాను. "క్రౌన్ ఈథర్ కలిపితే ట్రిప్టోఫాన్ విరగడం తగ్గింది పెదనాన్నా" అని, లేజర్ కొట్టిన ఆ అమైనో ఆమ్లం గురించి సంబరంగా రాశావు. తగ్గే ఉంటుంది. ఎందుకు తగ్గిందో రాసే ముందు మాత్రం కాస్త ఆగు.

ప్రోటాన్ ఎక్కిన ట్రిప్టోఫాన్ గ్రాఫ్‌లో 205 బరువు దగ్గర కనిపిస్తుంది. నువ్వు కలిపిన క్రౌన్ ఈథర్ 18-క్రౌన్-6, ఆక్సిజన్లున్న ఉంగరం లాంటి అణువు, దాని బరువు 264. రెండూ కలిస్తే 469. ఒంటరి ట్రిప్టోఫాన్ మీద 266 నానోమీటర్ల లేజర్ పడితే అందులోని ఇండోల్ ఉంగరం ఆ కాంతిని మింగుతుంది. అమైన్ (నైట్రోజన్ ఉన్న కొస) మీది హైడ్రోజన్ ఊడితే 204 మిగులుతుంది, అమ్మోనియా పోతే 188. క్రౌన్ ఆ అమైన్‌ని తన ఆక్సిజన్లతో పట్టి ఉంచుతుంది కాబట్టి హైడ్రోజన్ ఊడటం కష్టమైందని నీ వాదన. బాగుంది.

అయితే క్రౌన్ ఇంకో పని కూడా చేస్తుంది. ఆ ఫోటాన్ తెచ్చేది 4.66 ఎలక్ట్రాన్ వోల్టులు. ట్రిప్టోఫాన్‌లో ప్రోటాన్‌తో కలిపి 28 పరమాణువులుంటే, క్రౌన్‌లో 42 ఉన్నాయి. అదే వేడి 70 మంది పంచుకుంటే ఒక్కొక్కరి వాటా ఎంతని? పైగా క్రౌన్ విడిపోతూ కొంత శక్తిని వెంట తీసుకుపోతుంది. అమైన్‌ని కాపాడకపోయినా, ఇలాగే 188 తగ్గిపోవచ్చు.

అందుకే అదే 469ని పట్టి, లేజర్ ఆపేసి, గ్యాస్‌తో ఢీకొట్టించు. వేడికి ఏ ముక్కలొస్తాయో తెలుస్తుంది. వేడికి రాకుండా లేజర్‌కి మాత్రమే వచ్చే ముక్క ఉంటే, దాన్ని పట్టుకో, అదే నీ సాక్షి. 468 దగ్గర ఏమైనా ఉందా అని కూడా ఓపిగ్గా వెతుకు. తర్వాత లేజర్ పవర్ సగానికి తగ్గించు. ముక్క కూడా సగమైతే ఒక ఫోటాన్ పని, పావుకి పడితే రెండు ఫోటాన్లు కలిసి చేసిన పని.

డైబెంజో క్రౌన్ జోలికి ఇప్పుడే పోకు. దాని బెంజీన్ ఉంగరాలు కూడా కాంతిని మింగుతాయి, ఇక ఎవరు మింగారో తేల్చుకోవడం నీ వల్ల కాదు. మామూలు 18-క్రౌన్-6కి ఆ గొడవ లేదు.

నీ ఫొటోలో 303 దగ్గర ఒక పెద్ద పీక్ ఉంది, దాన్ని వదిలేశావు. నేను కొత్తలో దాన్ని ముక్క అనుకుని వారం రోజులు దాని పుట్టుక వెతికాను. తీరా చూస్తే అది పొటాషియం పట్టుకున్న క్రౌన్. పంపు నీళ్లతో కడిగిన గాజు సీసాలోంచి వచ్చింది. రసాయన శాస్త్రవేత్త పెడర్సన్ 1967లో క్రౌన్ ఈథర్లని లోకానికి చెప్పింది ఇలాంటి లోహ అయాన్లను పట్టుకుంటాయనే కదా! పొటాషియం దొరికితే క్రౌన్ నీ ట్రిప్టోఫాన్ ముఖం కూడా చూడదు. ద్రావణాలు కొత్త ప్లాస్టిక్ ట్యూబుల్లో కలుపు. 287 కూడా కనిపిస్తే అది సోడియం.

ఇంకోటి, 266 కంటికి కనిపించదు. ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే కళ్లద్దాలు లేకుండా లేజర్ గదిలోకి పోవద్దు. ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా టెన్షన్.

ఆదివారం తార్నాక రా. లేజర్ ఆపి తీసిన 469 ఫైలు తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెదనాన్న